వెర్నా కొట్టని ముద్ర

సియాటెల్ శివారులో విమానాలకు వైర్ల కట్టలు కట్టే షెడ్డు అది. వెర్నా స్లెటన్ జుట్టు అక్కడే నెరిసింది. పెద్ద చెక్క బోర్డు మీద గీసిన గీతల వెంబడి, మేకుల మధ్యగా వైర్లు పరచడం, దారంతో బిగించడం, చివర తన సొంత ముద్ర కొట్టడం ఆమె పని. ముద్ర పడ్డ కట్టలో తప్పు దొరికితే ముద్ర లాగేసుకుంటారు. ఆ తర్వాత స్టోర్లో మేకులు ఏరుకోవడమే.

1990లో ఆఫీసువాళ్ళు గీతల్లేని తెల్ల బోర్డొకటి, తలకు తగిలించుకునే యంత్రమొకటి తెచ్చారు. కార్మికుల శ్రమ తగ్గించడానికట. గీతలు గీసేవాళ్ళ జీతాలు మిగుల్చుకోవడానికని షెడ్డంతటికీ తెలుసు.

యంత్రం చేసిన కుర్ర ఇంజనీరు కెస్లర్ ఓపిగ్గానే చెప్పాడు. కంటి ముందున్న గాజు సగం అద్దంలా పనిచేస్తుంది. దాని గుండా బోర్డూ కనిపిస్తుంది, పక్కనున్న బుల్లి తెర మీది గీతా అందులో ప్రతిఫలించి బోర్డు మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. తల ఎటు తిరిగిందో పసిగట్టి కంప్యూటర్ గీతను మళ్ళీ గీస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట ఓ విశ్వవిద్యాలయంలో ఇలాంటిది చేసినప్పుడు, తల మొయ్యలేనంత బరువని పైకప్పు నుంచి వేలాడదీశారట.

"అయితే గీత బోర్డు మీదుందా, నా కంట్లో ఉందా?" అంది వెర్నా.

"రెండుచోట్లా లేదండీ. తెర మీదుంది."

ఆమెకు మరింత అయోమయమైంది. బిగువు చూసే అలవాటుకొద్దీ గీతను వేలితో లాగింది. ఏమీ తగల్లేదు.

"మన వెర్నా దోమల్ని పడుతోందర్రా," అంది పక్క బోర్డు దగ్గర పనిచేసే డాట్.

తల కదిపితే గీత ఒక్క క్షణం ఆగి వెనకాలే వచ్చేది. ఒకచోట పై మేకు మీదున్నది, ఆమె వంగేసరికి కింది మేకు మీద తేలింది. కెస్లర్‌నడిగితే తల కదపొద్దన్నాడు. వంగకుండా వైరు కట్టడమెలాగో చెప్పలేదు. ఆమె కింది మేకుకే చుట్టింది.

కట్ట పూర్తయ్యాక యంత్రం తీసింది. బోర్డు బోసిగా ఉంది. సరిచూసుకుందామంటే ఒక్క గీత లేదు. మళ్ళీ తగిలించుకుంటే, జారిన గీతనే సాక్ష్యం అడిగినట్టు.

"బాగానే ఉందండీ, ముద్ర కొట్టండి," అన్నాడు కెస్లర్.

"బాగుందని నీకెలా తెలుసు, బాబూ?"

"గీత ప్రకారమే కట్టారుగా."

"ఏ గీత? నిలబడ్డప్పటిదా, వంగినప్పటిదా? పోనీ, నీ ముద్ర కొట్టు."

"ఇంజనీర్లకి ముద్రలుండవండీ."

వెర్నా కట్టను ముద్ర కొట్టకుండానే కొక్కేనికి తగిలించింది. తప్పు కట్టావా ఏంటే అని డాట్ అడిగింది.

"తెలీదే," అంటూ వెర్నా ముద్రను జేబులో వేసుకుని, గీతలున్న బోర్డు దగ్గరికి నడిచింది.