మాస్టారు లైటు ఆపారు

మాస్టారు పోయారు. నిద్రలోనే పోయారట. పొద్దున్నే షెడ్డు షట్టర్ ఎత్తుతుంటే ఎదురు టీ కొట్టతను చెప్పాడు, "మన లెక్కల మాస్టారు లేరంటరా." షట్టర్ సగంలో వదిలేసి నిలబడిపోయాను.

కంకిపాడులో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకోనివాళ్ళు తక్కువ. ఆ తక్కువలో నేనొకణ్ణి. బడి మధ్యలో మానేసి, ఫోన్లో వీడియోలు చూస్తూ, వైర్లు కాల్చుకుంటూ కార్ల కరెంటు పని నేర్చుకున్నాను. అయినా ఆయన నన్ను "ఇంజనీరూ" అనే పిలిచేవారు. అందులో వెటకారం ఉందేమోనని చాలాకాలం వెతికాను. లేదు.

ఆయన కారులో హారన్ ఉందన్న సంగతి గేదెలకు తెలియదు. అడ్డొస్తే అద్దం దించి, "తల్లీ, కాస్త జరగమ్మా" అనేవారు. ఆదివారం వస్తే డిక్కీలో అరటిగెలో, బియ్యం మూటో పెట్టుకుని పామర్రులో ఉన్న అక్కగారింటికి ఒక్కరే వెళ్ళేవారు. "ఆలస్యమైతే మా అక్కయ్య తిడుతుందోయ్. ఈ వయసులో నన్ను తిట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?" అని నవ్వేవారు.

ఒకసారి ఎవరిదో ట్రాక్టర్ స్టార్టవడం లేదని మోటారు మొత్తం ఊడదీశాను. తీరా చూస్తే వైరు వదులైంది, అంతే. టైరు మీద చేతిరుమాలు పరుచుకుని కూర్చున్న మాస్టారు అన్నారు, "ఇంజనీరూ, జవాబు ముందు రాసేసి లెక్క తర్వాత చేస్తున్నావు. మా పిల్లలూ ఇంతే."

"ఇది బడి కాదండి మాస్టారూ."

"కాదులే. బళ్ళో అయితే సున్నా వేసి ఊరుకునేవాణ్ణి. ఇక్కడ నీ నడుం విరుగుతోంది."

నాకు ఒళ్ళు మండింది. మంచి మాట వింటే ఒళ్ళు మండే జాతి మనది.

తర్వాత ఆయన కారుకే రోగం వచ్చింది. నాలుగు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోయేది. కొత్తది వేశాను. అదీ దిగింది. అప్పుడు చెయ్యాల్సిన పని నాకు తెలుసు. కారుకు తాళం వేసి, లోపలి కరెంటు వాడకం అంతా సద్దుమణిగేదాకా ఆగి, బ్యాటరీకి మీటరు పెట్టి, ఇంకా కరెంటు తాగుతున్నదేదో వెతకాలి. దానికి ఓపిక కావాలి. షెడ్డు నిండా బళ్ళున్నాయి. అందుకని నలుగురి ముందూ అనేశాను, "బ్యాటరీ కొత్తది, వైరింగ్ బాగుంది. మీరే లైటు ఆపట్లేదు మాస్టారూ. ఇంట్లో పొయ్యన్నా ఆపుతున్నారా?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. "ఆపాననే గుర్తు, ఇంజనీరూ."

"గుర్తుంటే బ్యాటరీ ఎందుకు దిగిపోద్దండి?"

ఆయన తాళాలు తీసుకుని కారెక్కారు. నెగ్గాననుకున్నాను.

తర్వాత కారు షెడ్డుకు రాలేదు. పీడా పోయిందనుకున్నాను, నిజమే చెబుతున్నాను.

ఆయన పోయాక ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: ఎంత జ్ఞాపకశక్తి, ఏనాటి పిల్లల్నైనా ఇంటిపేర్లతో సహా పిలిచేవారు! గేటు దగ్గరే నిలబడి విని వచ్చేశాను. మర్నాడు ఆయన భార్య ఫోన్ చేశారు. పెద్దకర్మకు పామర్రు నుంచి వాళ్ళ వదినగారిని తీసుకురావాలట, కారు కదలడం లేదట.

నేను బానెట్ ఎత్తుతుంటే అమ్మగారు పక్కన నిలబడి చెప్పారు. "నువ్వు అన్నాక ఒక్కసారే పామర్రు వెళ్ళొచ్చారు బాబూ. వచ్చాక ఇంట్లోకీ కారు దగ్గరికీ తిరగడమే, లైట్లు ఆపానా లేదా అని. మర్నాడు తాళాలు నా చేతిలో పెట్టేశారు. 'నాకు మతి పోతోందే, ఇంజనీరు కనిపెట్టాడు. దారి మర్చిపోతే నన్నెక్కడని వెతుక్కుంటావు' అన్నారు. రావేంట్రా అని వదిన ఫోన్ చేస్తే, మోకాలు నొప్పని చెప్పేవారు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టాను. తలుపులకు తాళం వేసి అరుగు మీద కూర్చున్నాను, అప్పుడు కూర్చోవలసినట్టు. కారు సద్దుమణగాల్సినంతసేపు గడిచినా మీటరు ముల్లు దిగలేదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. లోపలి దీపాల ఫ్యూజు పీకగానే ముల్లు పడిపోయింది. కంటికి కనిపించే దీపాలన్నీ ఆరే ఉన్నాయి. ఫ్యూజు మళ్ళీ పెట్టి, ఫోన్లో వీడియో రికార్డింగ్ ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేశాను. తీసి చూస్తే, మూత పడ్డాక కూడా లోపల బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. మూత పడగానే దాన్ని ఆర్పాల్సిన చిన్న స్విచ్చి, డిక్కీ తాళం దగ్గరిది, తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బయట నిలబడి ఎంతసేపు చూసినా ఆ వెలుగు ఏ మనిషికీ కనపడదు.

"అమ్మగారూ, ఆయన లైటు ఆపారండి. ప్రతిసారీ ఆపారు. ఆయన మతి బాగానే ఉందండి."

ఆవిడ కారు మీద చెయ్యి వేశారు. "ఈ మాట ఆయనతో అనాల్సింది నాయనా."

బల్బు పీకేసి, లోపల కూర్చుని తాళం తిప్పాను. ఇంజన్ వెంటనే అందుకుంది. దాంతోపాటే, అద్దం మధ్యలో ఆగిపోయి ఉన్న వైపర్లు కదిలాయి. ఆయన వాటిని ఆపకుండానే తాళం తీసేసినట్టున్నారు. "అదుగో, వైపరు ఆపలేదు" అని నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకుని, ఆపడానికి చెయ్యి చాపాను.

"ఉండనీ బాబూ," అన్నారు అమ్మగారు, పక్క సీట్లో కూర్చుంటూ. "ఆ రోజు పామర్రు నుంచి దారంతా వాన."

పొడి అద్దం మీద కిర్రుకిర్రుమంటూ వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. బయట ఎండ.