లెక్కలోకి రాని జల్లు

మా పెరట్లో వానను కొలిచే గాజు గొట్టం ఉంది. లెక్కల టీచరుగా రిటైరైన మరుసటి ఏడాది పెట్టించాను. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి పుస్తకంలో రాస్తాను. మైదుకూరు పక్కన మా ఊళ్ళో వాన రాయడమంటే ఎక్కువగా సున్నాలు రాయడమే.

కొన్నేళ్ళ తర్వాత ఫోనులో ఉపగ్రహ చిత్రాలు చూడడం నేర్చుకున్నాను. వాటిలో పరారుణ చిత్రం నాకు బాగా నచ్చింది. అది వెలుతురును కాదు, వేడిని కొలుస్తుంది. మబ్బు ఎంత ఎత్తుకు పెరిగితే దాని పైభాగం అంత చల్లగా ఉంటుంది. చల్లనిది చిత్రంలో తెల్లగా, వెచ్చనిది బూడిద రంగులో కనబడుతుంది. పెద్ద వాన కురిసే మబ్బులు తెల్లగా మెరుస్తాయి. ప్రతి సాయంత్రం మా మండలం మీద ఏ రంగుందో వాన అంకె పక్కనే రాసుకున్నాను. మూడేళ్ళకు కూడి చూస్తే, బూడిద రంగు రాసిన వాటిలో ఒక్కటీ వాన రోజు కాలేదు. ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పాను.

పోయిన కార్తీకంలో ఒక బుధవారం సాయంత్రం ఎదురింటామె వచ్చింది. ఎకరన్నర శనక్కాయ పీకి, చేన్లోనే కుప్పలుగా ఆరబెట్టింది.

"టీచరమ్మా, తూర్పున నల్లగా దిగతాండాది. పట్ట కప్పేదా?"

పచ్చి కుప్పకు టార్పాలిన్ పట్ట కప్పితే ఉక్కకు కాయ బూజు పడుతుంది. కప్పకుంటే వానకు చెడిపోతుంది. నేను ఫోను తీశాను. మా మీద అంతా బూడిద రంగే.

"వాన రాదు. ఎండనియ్యి."

"కంటికి నల్లగా కనపడతాంటే రాదంటావేందమ్మా?"

"నువ్వు కింద నుంచి చూస్తాండావు. ఇది పైనుంచి చూసింది. మూడేండ్ల లెక్కమ్మే, ఒక్కసారీ తప్పలేదు."

"పైనుంచి చూసేది దేవుడొక్కడే అనుకుంటి, నువ్వు గూడా ఎక్కితివా!" అని నవ్వి, పట్ట కప్పకుండానే ఊరుకుంది.

గురువారం తెల్లారేసరికి జల్లు. శనివారం దాకా ఎండ మొహం చూడలేదు. గొట్టంలో మొదటి రోజు 2.1 మిల్లీమీటర్లు, రెండో రోజు 1.8, మూడో రోజు 2.3. మొత్తం 6.2.

రోజుకు రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గితే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కించదు. నేనూ ఆ నియమమే పట్టుకున్నాను. అంటే నా లెక్కలో ఆ మూడు రోజులూ వానే పడలేదు. పాత పేజీలు తిరగేశాను. బూడిద రంగు రాసిన రోజుల్లో పంతొమ్మిది చోట్ల చిన్న అక్షరాలతో "జల్లు" అని నా చేతిరాతే ఉంది. కిందుగా పాకే మబ్బు దాదాపు నేలంత వెచ్చగా ఉండి, చిత్రంలో నేలలో కలిసిపోతుందని నేను చదివే ఉన్నాను. అయినా ఆ పంతొమ్మిదీ పక్కన పెట్టాను, లెక్క అందంగా తేలుతుందని. ఆమె అడిగింది కాయ తడుస్తుందా అని. నేను వేరే ప్రశ్నకు జవాబు చెప్పాను. ముప్పైఒక్క ఏళ్ళు పిల్లలకు అలాంటి జవాబుకు సున్నా వేశాను.

ఆదివారం పుస్తకం తీసుకుని వెళ్ళాను. వసారాలో కాయలు కుప్ప పోసుకుని ఏరుతోంది. ఆ పంతొమ్మిది చోట్లా వేలు పెట్టి చూపించాను.

"ఇవన్నీ ముందే నా దగ్గర ఉన్నాయి. లెక్కలోకి తీసుకోలేదు. తప్పు నాది."

"జల్లు నీ పుస్తకానికి లెక్కలేదేమో, నా కాయలకు ఉండాది కదమ్మా" అంది. పుస్తకం వైపు చూడలేదు. నల్లబడిన కాయనొకటి పక్కకు వేసి, "నీదొక్కదానిదే ఎట్లయితాది? నల్లమబ్బు నేనూ చూసినా గదా. నా కండ్ల మాట నేను ఇనకపోతి" అంది.

తిట్టి ఉంటే ఇంటికి వచ్చేసేదాన్ని.

"కూర్చో. నల్లవి ఈ పక్కకెయ్యి. కండ్లతో చూసి ఏరల్ల, ఈడ నీ ఫోను పనికిరాదు."

పుస్తకం గడప మీద పెట్టి కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు నల్లవాటి కుప్పే పెద్దదైంది.