అదామాకు వెళ్లాడని చెప్పిన సాయంత్రం

భర్త చనిపోయాడని తెలియని మనిషి ఎదుట కూర్చుని వంటామె అస్నకెచ్ ఆ సాయంత్రం కాఫీ గింజలు వేయించింది.

"ఎన్నిసార్లు చేసినా ఎత్తడే ఈయన," అంటూ ఎలెని ఫోను సోఫా మీద పడేసింది. "అదామాకు వెళ్లాడని నీకు చెప్పింది ఎవరు?"

"ఆయనే చెప్పారు, ఇత్యే," అంది అస్నకెచ్, అమ్మగారూ అన్న అర్థంలో. "భోజనం తీసుకెళ్లినప్పుడు. ఫోనులో ఛార్జింగ్ లేదన్నారు."

"అప్పట్నుంచీ ఆ కళ్లేంటి అలా కారుతున్నాయి?"

"పొగ."

"పద్నాలుగేళ్లుగా వేయిస్తున్నావు, ఈరోజే తగిలిందా పొగ?"

అస్నకెచ్ పెనం కదిపింది.

ఎలెని భర్త గిర్మాచెవ్ కాఫీ ఎగుమతిదారు. అడిస్ అబాబా తూర్పు శివారులో, గోడల మీద కరెంటు తీగలున్న మా పేటలో, అందరికంటే పెద్ద ఇల్లు ఆయనది. అది చాలక రెండు వీధుల అవతల ఇంకొకటి కడుతున్నాడు. ఆ రోజు మికాయేల్ పండగ కాబట్టి పనివాళ్లు రాలేదు. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లిన అస్నకెచ్‌కు ఆయన మెట్ల కింద తల పగిలి కనిపించాడు. పక్కనే ఇనప చువ్వ పడి ఉంది.

ఆమె ఇంటికి పరిగెత్తలేదు. మేం మర్యాదగా గాషే, అంటే అయ్యగారు, అని పిలిచే లెమ్మా దగ్గరికి పరిగెత్తింది. రిటైరైన ఆర్మీ కెప్టెన్ లెమ్మా మా వీధి ఇద్దిర్‌కు పెద్ద. వీధిలో చావొస్తే గుడారం వేయడం, వంటపాత్రలు తేవడం, మోసే మనుషుల్ని పిలవడం ఆ సంఘం పని. మొదటి పని మాత్రం వేరే. చావు కబురు మేం ఎప్పుడు పడితే అప్పుడు చెప్పం. పెద్దలంతా కలిసి తెల్లవారుజామున వెళ్లి చెబుతాం. రాత్రంతా ఒంటరిగా ఆ కబురుతో ఎవరూ ఉండకూడదని. అప్పటిదాకా తెలిసినవాళ్లంతా ఒకే అబద్ధం ఆడాలి.

"అదామాకు వెళ్లాడని చెప్పు," అన్నాడు లెమ్మా. "తెలిసింది నీకు, నాకు, నా భార్యకు, పోలీసులకు. అంతే. నెబియుకు కూడా చెప్పొద్దు. అక్కకూ తమ్ముడికీ ఒకేసారి చెబుదాం."

పోలీసులు వెనక దారిన వచ్చి శవాన్ని తీసుకెళ్లారు. ఇన్‌స్పెక్టర్ హబ్తే, లెమ్మా ఇంట్లో కూర్చుని అస్నకెచ్‌ను అడగాల్సినవన్నీ అడిగాడు.

"పోయిన వారం గేటు దగ్గర ఆయన నిన్ను దొంగ అన్నాడట."

"నెయ్యి డబ్బా కనపడలేదని. మర్నాడు దొరికింది."

"నువ్వేమన్నావు?"

ఆమె తల దించుకుంది. వీధంతా విన్న మాట దాచి లాభం లేదు. "ఈ ఇంటి అన్నం నీకు అరక్కుండా పోవాలి అన్నాను."

"చివరిగా వెళ్లింది నువ్వు. చూసింది నువ్వు. తిట్టింది నువ్వు." హబ్తే టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. "మీ ఆచారం కాదనను. నాకూ అమ్మ ఉంది. పొద్దున ఏడుపు మొదలయ్యాక నువ్వు నాతో స్టేషన్‌కు రావాలి."

అస్నకెచ్‌కు అప్పుడు నలభై ఆరేళ్లు. గొజ్జాం కొండల నుంచి ఇరవయ్యో ఏట పట్నం వచ్చింది. కోడికూర వండిందంటే పక్కిళ్లవాళ్లు గోడ మీదుగా గిన్నెలు అందించేవాళ్లు. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మనసులో ఉన్నది మొహం మీదికి వచ్చేస్తుంది. పేకాటలో ఆమెను ఓడించడానికి ముక్కలు చూడక్కర్లేదు, మొహం చూస్తే చాలని కాపలావాళ్లు ఆట పట్టించేవారు. అలాంటి మనిషి ఆ పూట అబద్ధాన్ని మొయ్యాల్సి వచ్చింది.

మొదటి విడత కాఫీ పోస్తుండగా నెబియు వచ్చాడు. ఎలెని తమ్ముడు. మంచి బూట్లు, మంచి కారు, ఏ పనిలోనూ నిలవని మనిషి. అక్క రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి కూర్చున్నాడు.

"మీ బావ చూడు," అంది ఎలెని. "నాకు చెప్పకుండా అదామా పోయాడట. ఫోను కూడా లేదు."

నెబియు అస్నకెచ్ వైపు చూశాడు. ఆమె కళ్లు చూశాడు. తర్వాత అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు చేశాడక్కా, గంట కిందట. ఎవరి ఫోను నుంచో. లోడు ఆగిందట. రేపొస్తాడు. నువ్వు తిని పడుకో."

"నీకు చేస్తాడు, నాకు చెయ్యడా! రానీ చెబుతాను."

అస్నకెచ్ చేతిలో జెబెనా కూజా ఆగిపోయింది. కాఫీ కప్పు పక్కన ఒలికింది.

తెలిసినవాళ్లెవరైనా ఆ మాటే అంటారు. మా వాళ్లలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి అబద్ధం వినబడితే, విషయం తెలిసినవాడు దానికి ఓ చెయ్యి వేసి నిలబెడతాడు. అది మర్యాద. నెబియు ఆలోచించి అన్నది కాదు, అలవాటుగా అనేశాడు. కానీ అతనికి ఎవరూ చెప్పలేదే!

ఆమె నీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. వెనకే అతను వచ్చాడు.

"గట్టిదానివే, అస్నకెచ్," అన్నాడు మెల్లగా. "పొద్దున దాకా అలాగే ఉండు. అక్క ముందు ఏడవకు."

"మీకెవరు చెప్పారు?"

అతని మొహంలో ఏదో కదిలింది. ఒక్క క్షణమే.

"గాషే లెమ్మా."

"ఓహో."

"ఎందుకలా చూస్తున్నావు?" అతను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "నీ గురించే నాకు భయం. ఆ రోజు నువ్వు తిట్టిన తిట్లు వీధంతా విన్నది. పోలీసులు ఊరుకుంటారా? నేను నీ తరఫున మాట్లాడతాను. నువ్వు మాత్రం నోరు కట్టేసుకుని ఉండు."

"అలాగే, గాషే."

రెండో విడత పోసింది. అతను ద్వారం దగ్గరి కుర్చీలోకి మారాడు. బయటికి వెళ్లాలంటే అతని మోకాళ్లు దాటి వెళ్లాలి. మూడో విడతకు నీళ్లు మరుగుతున్నాయి. మా కాఫీ మూడు విడతలే; అది అయిపోతే బయటికి పోవడానికి ఆమెకు సాకు ఉండదు.

"ఇత్యే," అంది అస్నకెచ్, "పండగ పూట. లెమ్మా గారి భార్యను పిలవనా?"

"వద్దు," అన్నాడు నెబియు.

"ఏం, ఎందుకు వద్దు?" ఎలెని గొంతు లేచింది. "పక్కింటివాళ్లు లేకుండా కాఫీ తాగితే రేపు వీధిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? వెళ్లవే. తొందరగా రా."

అతను మోకాళ్లు పక్కకు జరపడానికి కాసేపు పట్టింది.

లెమ్మా ఆమె మాట పూర్తిగా విన్నాడు. "నేనా? వాడికా? నేను చెప్పలేదు," అన్నాడు.

ఇంకా అక్కడే ఉన్న హబ్తేకు నమ్మకం కుదరలేదు. "నీ మెడ తప్పించుకోవడానికి ఆయన మీదికి తోస్తున్నావా?"

"నా మాట వద్దు, సారూ. ఈవిడ్నే వచ్చి వినమనండి."

లెమ్మా భార్య జెనెబెచ్ అప్పటికే తెల్ల శాలువా భుజాన వేసుకుంటోంది. "నేను వింటాను. ఈ ముసలిదాని చెవులు బాగానే ఉన్నాయి."

"తిరిగి వెళ్లు," అన్నాడు హబ్తే అస్నకెచ్‌తో. "వెళ్లకపోతే వాడికి అర్థమైపోతుంది. కాఫీ పొయ్యి. మొహం జాగ్రత్త."

"అది నా చేతిలో ఉంటే ఇక్కడికెందుకు వస్తాను?"

అయినా వెళ్లింది. జెనెబెచ్ కూర్చుని, కాఫీ వాసన చూసి, ఎలెని మోకాలు తట్టి, "మీ ఆయన ఏడమ్మా, పండగ పూట?" అంది.

"అదామా," అని నెబియు అందుకున్నాడు. "నాతో ఇప్పుడే మాట్లాడాడు. మీ ఆయనకు తెలుసుగా."

"అవునా? మా ముసలాయన నాకేమీ చెప్పడు," అంది జెనెబెచ్. కప్పు ఖాళీ చేసేదాకా కదల్లేదు.

తెల్లవారుజామున పెద్దలు వచ్చారు. గేటు దగ్గర ఇద్దరాడవాళ్లు ఏడుపు అందుకోగానే ఎలెనికి అర్థమైపోయింది. ఆమె అరుపు కొత్తింటి దాకా వినిపించింది. నెబియు నేల మీద పడి గుండెలు బాదుకున్నాడు. హబ్తే అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నిన్న మీకు చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదు. వంటామె మొహం చూసి అర్థం చేసుకున్నాను. మా వాళ్లెవరైనా చేసుకుంటారు."

"నేను చెప్పానన్నావట కదా, బాబూ?" అన్నాడు లెమ్మా.

హబ్తే కారు తాళాలు అడిగి తీసుకున్నాడు. నెబియు కారు డిక్కీలో, స్పేర్ టైరు కింద, గిర్మాచెవ్ ఫోను దొరికింది. ఎలెనికి తండ్రి ఇచ్చిన స్థలాన్ని తన పేర రాయించుకోవాలని నెబియు చూస్తున్నాడని, గిర్మాచెవ్ ఒప్పుకోలేదని తర్వాత కోర్టులో బయటపడింది. పండగ రోజు అక్కడ ఎవరూ ఉండరని అతనికి తెలుసు. అస్నకెచ్ స్టేషన్‌కు వెళ్లింది, సాక్షిగా.

నలభయ్యో రోజు కర్మ అయ్యాక ఎలెని వంటింట్లోకి వచ్చింది.

"రేపు జైలుకు భోజనం పట్టుకెళ్లాలి. కోడికూర చెయ్యి."

"ఎవరికి, ఇత్యే?"

"వాడు నా తమ్ముడే కదా, అస్నకెచ్. నాకు ఇంకెవరున్నారు?"

"ఉన్నారో లేరో నాకు తెలీదు. తను చంపి, ఆ నేరానికి నన్ను జైలుకు పోనివ్వబోయిన మనిషికి నేను వండను."

ఆ మధ్యాహ్నమే బట్టలు మూట కట్టుకుంది. ఇప్పుడు మూడు వీధుల అవతల ఒక డాక్టరమ్మ ఇంట్లో వండుతోంది. నెబియుకు పందొమ్మిదేళ్ల శిక్ష పడింది. ఎలెని ప్రతి ఆదివారం క్యారేజీ పట్టుకుని జైలుకు వెళుతుంది. వంట తనే చేస్తుంది. ఇంజెరా అట్టు ఇంకా పెనానికి అంటుకుంటోందట.