బైండింగక్క వంతు

క్లబ్బులో ఆమెను అందరూ బైండింగక్క అనేవాళ్ళు. కోర్టు వెనక వీధిలో, పుస్తకాలు బైండు చేసే షాపులో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. షూటింగ్ క్లబ్బులో మొదట అడుగుపెట్టింది కూడా ఆ పని మీదే. అట్టలూడిన స్కోరు రిజిస్టర్లు కుట్టి తెచ్చిన రోజున సెక్రటరీ సరదాకి రైఫిలు చేతికిచ్చి పది షాట్లు కొట్టమన్నాడు. ఎనిమిది నల్ల చక్రంలో పడ్డాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా?" అని ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

రెండేళ్ళు ఆమె హాయిగా పోటీల్లో పాల్గొంది. చాప మీద బోర్లా పడుకుని, యాభై మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీదికి యాభై నిమిషాల్లో నలభై షాట్లు. ఆ యాభై నిమిషాలూ షాపూ ఇల్లూ ఏవీ గుర్తొచ్చేవి కావు. ఒక ఏడాది మూడో స్థానం కూడా వచ్చింది.

తర్వాత క్లబ్బువాళ్ళు రేంజి ఆఫీసరు శిక్షణకు ఎవరైనా వెళ్ళాలన్నారు. లైను దగ్గర నిలబడి ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి లేకుండా పోటీ పెట్టకూడదట. అందరూ నేల చూపులు చూస్తుంటే ఆమె చెయ్యెత్తింది. అక్కడితో ఇరుక్కుపోయింది.

మొదట్లో పని పంచుకునేవాళ్ళు. ఒకరు చెక్క ఫ్రేములు నిలబెడితే ఒకరు టార్గెట్లు అంటించేవారు, ఇంకొకరు స్కోర్లు రాసేవారు. నెమ్మదిగా ఒక్కొక్కరే జారుకున్నారు. అరవై రెండు మంది సభ్యులు. వచ్చేవారు, కాల్చేవారు, "అక్కా, నా స్కోరెంత?" అని అడిగేవారు, వెళ్ళిపోయేవారు. పొద్దున్నే తాళం తీయడం నుంచి ఖాళీ తూటా గొట్టాలు ఊడ్చేదాకా అన్నీ ఆమే. లైను వదలడానికి వీల్లేదు గనక ఆమె వంతు వచ్చేదే కాదు. నాలుగేళ్ళలో ఒక్క పోటీలోనూ ఒక్క షాటు కొట్టలేదు.

ఆ ఏడాది కళ్ళ డాక్టరు ఆమె కుడికన్ను చూసి, పొర మొదలైందన్నాడు. తొందరేం లేదు, ఏడాదికో రెండేళ్ళకో ఆపరేషన్ చేద్దామన్నాడు. ఆమె గురిపెట్టేది ఆ కంటితోనే. వార్షిక పోటీకి ఇంకా రెండు వారాలుంది. బయటికొచ్చి మెట్ల మీదే సెక్రటరీకి ఫోను చేసింది.

"ఈసారి నేను కాలుస్తానండీ. ఒక్క బ్యాచే. ఆ గంటసేపూ ఎవరినైనా నిలబెట్టండి."

"తప్పకుండా అక్కా! గ్రూపులో ఒక మెసేజ్ పెట్టెయ్."

పెట్టింది. పద్దెనిమిది మంది బొటనవేళ్ళు ఎత్తి చూపించారు. పేరిచ్చిన వాడు ఒక్కడూ లేడు. ఇక సిగ్గు విడిచి ఒక్కొక్కరికే ఫోను చేసింది. ఒకాయన నడుం నొప్పన్నాడు. ఇంకొకాయన, "నువ్వు చేసినట్టు మాకెవరికీ చేతకాదక్కా" అన్నాడు. ఆ పొగడ్త విన్నాక ఆమెకు ఏడుపే తక్కువైంది.

"బతిమాలుకుంటున్నానండీ" అంది తర్వాత ఫోనెత్తినాయనతో. "నాలుగేళ్ళయింది. వచ్చే ఏడాదికి నా కన్ను పనిచేస్తుందో లేదో కూడా తెలీదు."

"అయ్యో, అదేంటక్కా అలా అంటావ్! చూద్దాం, చూద్దాం."

చివరికి సభ్యుల్లో ఒకడైన పళ్ళ డాక్టరు ఒప్పుకున్నాడు. ఆయనా తర్వాతెప్పుడో శిక్షణ తీసుకున్నాడు గానీ విజిలు ముట్టుకున్న పాపాన పోలేదు. టార్గెట్లు మార్చే పని ఆమె భర్త నెత్తినేసుకున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

"రోజూ ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీసేది నేనే కదా. ఈ ఒక్కపూట నిన్ను తీస్తాను పద" అన్నాడు.

పోటీ రోజున మొదటి రెండు బ్యాచులూ ఆమే నడిపింది. మూడోదానికి విజిలూ ఎర్ర జెండా డాక్టరు చేతిలో పెట్టి, రెండుసార్లు చెప్పింది. "జెండా ఎత్తితే కాల్పులు ఆగినట్టు. దాన్ని చూసే మా ఆయన టార్గెట్ల పక్కనున్న గోడచాటు నుంచి బయటికొస్తారు. కాలుస్తున్నంతసేపూ మీ చెయ్యి కిందికే ఉండాలి. లైను వదలొద్దు."

"నేనేమన్నా చిన్నపిల్లాడినా అక్కా!"

ఆమె వరుసలో నాలుగో చాప మీద పడుకుంది. చెక్క పిడి చెంపకు తగలగానే ఒళ్ళంతా తేలికైంది. మొదటి షాటు తొమ్మిది. రెండోది పది. మూడోదీ పదే. ఆమెకు తెలియకుండానే పెదవులు నవ్వుతున్నాయి.

పదకొండో షాటుకి గురి చూస్తుండగా డాక్టరు జేబులో ఫోను మోగింది. ఎవరో పేషెంటు. చెవి కప్పులు తీస్తే తప్ప మాట వినపడదు గనక ఆయన షెడ్డు బయటికి నడిచాడు. నడుస్తూ చేతిలోని జెండాను స్తంభానికి ఆనించాడు. కర్ర నిలువుగా నిలబడింది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఎత్తిపట్టుకున్నట్టే ఉంది.

ఆమె గురి చట్రంలో నల్ల చక్రం ముందు తెల్లగా ఏదో అడ్డొచ్చింది. కంట్లో పొరేమోననుకుంది. రెప్పలార్చి మళ్ళీ చూసింది. తెలుపు కదిలింది. దానికి బొత్తాలున్నాయి.

అది చొక్కా. ఆయన చొక్కా.

వేలు ట్రిగ్గరు మీదుంది. సగం నొక్కి ఉంది. ఆ వేలును వెనక్కి తీయడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. అంతలో పక్క చాప మీద నుంచి తూటా పేలింది.

"ఆపండి! ఆపండి! మనిషున్నాడు!"

అరుస్తూ లేచింది. మోకాళ్ళు కొట్టుకుపోయాయి. ఆయన నేలమీద బోర్లా పడి ఉన్నాడు. ఆ యాభై మీటర్లూ పరుగెత్తినంతసేపూ ఆమె ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది.

ఆయన తల పైకెత్తాడు. "నాకేం కాలేదే. చెవి పక్కనించి పోయింది" అన్నాడు. ఆమె పక్కనే కూలబడి ఆయన చెవినీ మెడనూ వీపునూ తడిమి తడిమి చూసింది. వెనకాల డాక్టరు ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పోటీ ఆగిపోయింది. విచారణ అయ్యేదాకా రేంజి మూసేశారు. కాగితాల మీద ఆ రోజు బాధ్యురాలు ఆమే. నాలుగోరోజు సెక్రటరీ షాపుకొచ్చాడు.

"మీ ఆయన జెండా చూడకుండా వచ్చారని రాసివ్వక్కా. శిక్షణ లేని మనిషే కదా. క్లబ్బు బతుకుతుంది."

ఆమె కుడుతున్న పుస్తకం పక్కన పెట్టింది. "ఆయన జెండా చూసే వచ్చారు. చచ్చిపోయుంటే కూడా ఇదే రాయించుకునేవారా?"

ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె విచారణవాళ్ళకి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసింది. జెండా సంగతి, ఫోను సంగతి, నాలుగేళ్ళ సంగతి. లైను వదిలి చాప ఎక్కడం తన తప్పేనని కూడా రాసింది. భర్త చదివి, ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ వారమంతా కళ్ళు మూస్తే వేలు బిగుసుకునేది.

విచారణలో డాక్టరు ఆ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. "జెండా ఆనించింది నేనే" అని లేచి చెప్పాడు. ఐదు నెలలకు రేంజి తెరిచారు. మూడు పోటీలకోసారైనా పని చేయనివాళ్ళు కాల్చడానికి వీల్లేదని గోడమీద రాశారు. తొమ్మిది మంది శిక్షణకు వెళ్ళారు. చేయాల్సిందంతా చేశారు గానీ, ఎవరూ ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడలేకపోయారు.

మొదటి పోటీలో ఆమెను బలవంతంగా రెండో బ్యాచులో వేశారు. భర్త రాలేదు, రావద్దని ఆమే ఒట్టు వేయించుకుంది. లైను దగ్గర డాక్టరు ఫోను లేకుండా, జెండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పడుకుంది. గురి చూసింది. దించింది. మళ్ళీ చూసింది. తల పక్కకి తిప్పి ఉత్త కళ్ళతో మైదానమంతా వెతికింది. మొదటి షాటుకు పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత ప్రతి షాటుకూ అదే వెతుకులాట.

సమయం అయిపోయిందని విజిలు వేసేసరికి పంతొమ్మిది షాట్లే కొట్టింది.

స్కోర్లు రాస్తున్న కొత్తామె పెన్ను పట్టుకుని మొహమాటంగా అడిగింది. "మిగతా ఇరవై ఒకటీ ఎలా రాయమంటారక్కా?"

"సున్నాలు వెయ్యమ్మా. రూలదే" అంది ఆమె. చాప చుట్టి చంకలో పెట్టుకుని, తర్వాతి బ్యాచువాళ్ళకి దారి వదిలింది.