గడ్డి నెల

మా పంతులమ్మ పోయారని గురువారం పొద్దున కబురొచ్చింది. నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోయారట. అప్పుడు నేను పచ్చడి జాడీలకు నెల పేరు రాసిన చీటీలు అతికిస్తున్నాను. అన్నీ అతికించాకే కూర్చుని ఏడ్చాను. పని సగంలో వదిలి లేస్తే ఆమె ఊరుకునేవారు కాదు. ఏడుస్తుంటేనే నవ్వొచ్చింది. ఆమె నాకు నేర్పిన నెలలు గుర్తొచ్చాయి.

మాది నల్లగొండ పక్క పల్లె. బడిలో ఉర్దూ పోయి తెలుగు పాఠాలు మొదలైన కొత్త రోజులవి. ఆమె చరిత్ర చెప్పేవారు. ఫ్రెంచివాళ్లు రాజును దించి, పాత నెలల పేర్లు కూడా తీసేశారట. ద్రాక్షకోత, పొగమంచు, చలి, మంచు, వాన, గాలి, మొలక, పువ్వు, గడ్డి, పంటకోత, ఎండ, పండు అని కొత్త పేర్లు పెట్టుకున్నారట. వారానికి పది రోజులని చెప్పగానే క్లాసంతా గోల.

"గట్లయితే ఐతారం సెలవు ఎప్పుడొస్తది టీచరమ్మా?"

"పదోనాడు."

"మాకొద్దు గా రాజ్యం!"

అందరికంటే గట్టిగా ఆమే నవ్వారు. ఏదైనా పేరు మరిచిపోతే, "గా నెలల ఏం వాసనొస్తదో తలుచుకో, పేరు అదే వస్తది" అనేవారు. చాక్‌పీసు గోరంత మిగిలినా పారేసేవారు కాదు.

ఆ ఏడు పెద్ద పరీక్ష మొలక నెలలో పడింది. అంటే మార్చి ఆఖరున. మాకు గొర్రెలే బతుకు. ఊళ్లో గడ్డి ఎండగానే ఇంటికి తాళం వేసి, మందతో కృష్ణ ఒడ్డుకు పోవాలి. గొర్రెపిల్లల్ని చూసుకునేది నేనే. పరీక్ష రాయకపోతే నా చదువు అక్కడికే సరి. అది విని పంతులమ్మ మా వాకిట్లోకి వచ్చారు.

"అన్నా, పరీక్ష అయ్యేదాంక పిల్ల నా ఇంట్ల ఉంటది. అయినంక నేనే తోలుకొస్త."

"గొర్లు ఆగుతయా పంతులమ్మా? గడ్డి ఏడున్నది?" అన్నాడు బాపు.

పంతులమ్మ నా వైపు తిరిగి, "ఏం చదువుకున్నవో మీ బాపుకు చెప్పు" అన్నారు. నేను నెలలన్నీ గడగడా అప్పజెప్పాను. గడ్డి దగ్గరికి రాగానే బాపు చెయ్యెత్తాడు.

"ఆగు బిడ్డా. గా గడ్డి నెల ఎప్పుడొస్తది?"

"రోహిణి కార్తెల, బాపూ."

"రోహిణిల గడ్డా! ఏడుంది పంతులమ్మా గా దేశం? మందను గాడికే తోలుకపోత!"

"సముద్రం దాటాలె అన్నా. గొర్లకు టికెట్టు ఎవలు కొంటరు?"

బాపు రుమాలు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత రుమాలు మళ్లీ చుట్టుకున్నాడు. "నేను పుట్టి బుద్ధెరిగినకాంచి గడ్డి ఎతుక్కుంటనే తిరిగిన. యాడ దొరుకుతదో నా బిడ్డకు ఎరుకాయె. రాయనీ. గొర్రెపిల్లల్ని నేనే సంకనేసుకుంట."

మంద పోయాక ఆమె ఇంట్లో ఉన్న ఆ రోజుల్లో నా తలకు నూనె రాసి జడ వేసింది ఆమే. పుస్తకం మీద తూలితే లాక్కుని, "అలిసిన తలకు ఎక్కదు, పండుకో" అనేవారు.

పరీక్ష అయిన మర్నాడు, పండుగలకు కట్టే పోచంపల్లి చీర కట్టుకుని, నన్ను బస్సెక్కించి హుజూర్‌నగర్ అవతలికి తీసుకుపోయారు. కోతయిన పొలంలో మా మంద కనిపించింది. బాపు దూరం నుంచే అరిచాడు: "ఎట్ల రాసినవ్ బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే, "మస్తు రాసింది!" అని ఆమె అరిచారు.

బాపు పరుగున వచ్చి, సంకలో ఉన్న గొర్రెపిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు. పంతులమ్మ గట్టు మీద కూర్చున్నారు. గొర్రెపిల్ల ఆమె కొంగు అందుకుని నమలసాగింది. నేను గుంజబోతే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"తిననియ్" అన్నారు నవ్వుతూ.