పెంటదిబ్బలో కొమ్ము పురుగు, పుట్టలో చెదలు

2023 ఎండాకాలం. పుల్లలచెరువు మండలంలో వ్యవసాయ సహాయకుడిగా పనిచేస్తున్నాను. మరియమ్మక్క కౌలుకు చేసే పొలంలో, బోరు చుట్టూ పెట్టిన కొబ్బరి మొక్కలు ఎండిపోతున్నాయని ఆ పొలం ఆసామి నాకు ఫోన్ చేశాడు. ఆ మొక్కలు బతికితేనే వచ్చే ఏడు కూడా ఆమెకు కౌలు ఇస్తానని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

నేను వెళ్ళేసరికి ఆసామి చేతిలో ఒక సీసా. లోపల నల్లటి కొమ్ము పురుగు గోడను గీరుతోంది.

"కొమ్ము చూడు సారూ, దున్నపోతుకు మల్లే! ఈమె పెంటదిబ్బలోనే పుట్టింది. ఎత్తెయ్యమంటే ఇన్నదా?"

"పెంట లేకుండా చెట్లకేం ఎయ్యాలయ్యా, నా తలకాయా?" అన్నది మరియమ్మక్క.

ఆయన మాటలో సగం నిజం. కొమ్ము పురుగు గ్రబ్, అంటే తెల్లటి పిల్లపురుగు, పెంటలోనే పెరుగుతుంది. రెక్కలొచ్చాక పైనుంచి మొవ్వులోకి, అంటే విచ్చుకోని నడి ఆకులోకి, తొలుచుకుపోతుంది. ఆ తర్వాత విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్లుంటుంది. అలాంటి ఆకు ఒక్క మొక్కకే ఉంది, ఆ మొక్కా పచ్చగానే ఉంది. ఎండిన మొక్కల్లో మొవ్వుకు గాటు లేదు. ఒకదాన్ని పట్టి లాగితే ఊడి చేతికొచ్చింది. వేళ్ళు డొల్ల. డొల్లలో మట్టి, మట్టిలో చెదలు. గట్టు పక్కనే నడుమెత్తు పుట్ట, దానికి పసుపు కుంకుమ.

"చంపింది ఇవి. పుట్ట తవ్వి రాణి చెదను తీసెయ్యాలి. లేకపోతే ఎంత మందు పోసినా మళ్ళీ వస్తాయి" అన్నాను.

"మా నాయన కాలం నుంచి పాలు పోస్తున్న పుట్ట మీద గడ్డపార ఏస్తావా?"

"పాలు పుట్టకు, తిట్లు నాకు" అన్నది అక్క.

"చర్చికి పోయేదానికి పుట్ట సంగతి ఎందుకు? పురుగు సీసాలో ఉంది. అదే రాసుకో సారూ."

నేను రిపోర్టులో చెదలనే రాశాను. పుట్ట జోలికి పోకుండా మొదళ్ళకు మందు పోయించాను. కొన్నాళ్ళకు మిగిలిన మొక్కలూ వాలిపోయాయి. ఆసామి పెంటదిబ్బ ఎత్తేయించి, కౌలు ఇంకొకరికిచ్చాడు. మరియమ్మక్క ఇప్పుడు తర్లుపాడు దగ్గర రాతి పలకలు కోసే పనికి పోతోంది.

మొన్న కొత్త కౌలుదారు ఫోన్ చేశాడు. "సారూ, మళ్ళీ పెట్టిన మొక్కలు ఎండుతున్నయ్. ఇప్పుడు పెంట కూడా లేదే, ఏందిది?"

చదువుకునేటప్పుడు ఈ రెండు పురుగుల తేడాను పట్టిక గీసి రాశాను. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. ఒకటి దిబ్బలో, ఒకటి పుట్టలో. దిబ్బ ఎవరిది, పుట్ట ఎవరిది అనే గడి అందులో లేదు. ఇప్పుడు పొలంలో దిగగానే ముందు అదే అడుగుతున్నాను.