కప్పు లేని కారఖానా

పరకాల బస్సు దిగుతుండగానే మా వాడ రిక్షా అతను చెప్పాడు: "సంచి నాకియ్యి కాకా. మీ ఎదురింటి అక్క పొద్దుగాల పోయింది."

డెబ్బై దాటిన మనిషి, నెల రోజులుగా మంచం మీదే ఉంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. తనను అడగకుండా ఎవరూ కదిలించలేరని ఆమె ఎప్పుడో రుజువు చేసింది మరి.

వరంగల్లులో మా సందు మొత్తం నేతవాళ్ళదే. భర్త పోయాక కూడా అక్క మగ్గం ఆపలేదు. తెల్లవారకముందే సందు పొడుగునా, బట్టకు నిలువు పోగులయ్యే పడుగు నూలు సాగదీసి, రెండు కొసలా గుంజలకు బిగించి, కుంచెతో గంజి పట్టించేవాళ్ళు. ఎండ ముదిరేలోగా చుట్టేయాలి. లేకపోతే పోగులు బిర్రెక్కి తెగిపోతాయి. ఆ పడుగును ఎవరూ దాటరు. నా పెండ్లి ఊరేగింపే వెనక సందులోంచి తిరిగి వెళ్ళింది, మా మామగారు దారి తప్పి వేరే పందిట్లో భోజనానికి కూర్చున్నారు. అది వేరే కథ.

డెబ్బైలలో ఒక ఏడు, ఊరికి కొత్త ప్లాను గీస్తున్నామని మున్సిపల్ ఆఫీసు గుమాస్తా ఒకాయన వచ్చాడు. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. సందు బోడిగా కనిపించింది. నక్షాలో 'ఖాళీ స్థలం' అని రాసుకున్నాడు. దాని మీదుగా లారీల రోడ్డు గీశారు. ఎవరికేం చెప్పాలనున్నా పదిహేను రోజుల్లో కాగితం మీద ఇవ్వమన్నారు. రోడ్డు పడితే పడుగు చాపే చోటు పోతుంది, దాంతో మగ్గాలూ పోతాయి. ఖిలాలో పాత కోట రాళ్ళను ముట్టుకోవద్దని బోర్డు ఉంటుంది. మాకు ఆ పాటి బోర్డు కూడా లేదు.

సందులో కలం పట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. పొట్లాల కాగితాలు చదివి పండితుణ్ణయిన వాణ్ణి. అక్క నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒకామె, "నల్లా గడప దాకా రావాలె. రోడ్డెందుకు, లారీలను సాకుతమా?" అంది. నేను 'మంచినీటి సౌకర్యము కల్పించి మమ్ము కృతార్థులను చేయ ప్రార్థన' అని రాశాను. అక్క చదివించుకుంది.

"గిది ఎవల మాట తమ్మీ?"

"ఆమెదే అక్కా. జర మర్యాదగ రాసిన."

"ఆమె ప్రార్థన చేసిందా? లారీలను సాకుతమా అన్నది. గదే రాయి. నీ మర్యాద నీ జేబుల పెట్టుకో."

అలా మూడు కాగితాలు చింపించింది. నాకు రాత నేర్పింది ఆమే అని ఇవాళ ఒప్పుకుంటున్నాను.

కాగితం ఇచ్చాం. పది గంటలకు కొలతలకు వస్తామని కబురొచ్చింది.

"అయితే నా పడుగు పదింటిదాక ఉంటది," అంది అక్క.

"తెగిపోతది అక్కా!"

"నాదే గదా, తెగనీ. నీకేం ఫికర్?"

ఆఫీసరు, కొలత గొలుసు మోసే ఇద్దరూ వచ్చేసరికి ఎండ మండిపోతోంది. ఆయన అవతలి గోడ దగ్గరికి పోవడానికి పడుగు మీదుగా కాలెత్తాడు. "దాటకు సారూ!" అని సందంతా అరిచింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తీసుకున్నాడు.

"దారికి అడ్డం ఇదేందమ్మా?"

"దారి కాదు సారూ, మా కారఖానా. కప్పు లేదు, గంతే."

"నక్షాల ఖాళీ జాగ అని ఉంది గదా?"

"పగటీలి వచ్చి రాసుకున్నరు. పొద్దుగాల ఐదింటికి నేనొస్తె మీ ఆఫీసు గూడ ఖాళీ జాగనే."

సందంతా నవ్వింది. గొలుసువాళ్ళు కూడా నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు గానీ మా కాగితం తీసి, ఒక్కో ఇంటి మాటా అక్కడే నిలబడి చదివాడు. 'లారీలను సాకుతమా' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్ళీ చదివాడు. ఆయన చదువుతున్నంతసేపూ పోగులు ఒక్కొక్కటే పుటుక్కుమంటున్నాయి. ఎన్నో రోజుల కష్టం. అక్క అటు చూడనే లేదు.

రోడ్డు మా సందులోకి రాలేదు. నల్లా కోసం మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాం. పోయిన వారం కూడా మంచం మీది నుంచే నాతో కాగితం రాయించింది. అందులో ప్రార్థన అన్న మాట లేదు.

ఆ రోజు ఆఫీసరు 'ఖాళీ స్థలం' అన్న మాటను కొట్టేశాక, అక్క వంగి గొలుసు కొస తానే అందుకుంది. "ఇప్పుడు కొలువుండ్రి సారూ. మేమెంత ఉన్నమో పూరా రాసుకోండ్రి," అంది. పడుగుకు ఈ పక్కన ఆమె, ఆ పక్కన ఆయన. గొలుసు బిగించి పట్టుకుని ఎండలో అడుగడుగూ నడుస్తున్నారు.